అడిగితేనే విత్తనం

నా భార్య ఈదమ్మను కాల్చిన మంటలోనే ఆమె దాచిన టమాట విత్తనమంతా కాలిపోయింది. దాన్ని ఆ మంటకు పంపింది నా తమ్ముడు రవీందర్ భార్య శారద. చూసుకోక పంపలేదు. చూసే పంపింది.

మా వైపు ఇంటి విత్తనం ఎలా దాస్తారో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పండు చెట్టు మీదే మెత్తబడేదాకా ఉంచాలి. తెంపి, చెంబులో పిసికి, కాసిని నీళ్లు పోసి మూలన పెట్టాలి. రెండు మూడు రోజులకు పైన తెల్లగా బూజు కడుతుంది, ముక్కు మూసుకోవాల్సిన వాసన వస్తుంది. అప్పుడు కడిగితే మంచి గింజ అడుక్కి దిగుతుంది, తాలు తేలిపోతుంది. దిగిన గింజకు పొయ్యి బూడిద పట్టించి, పచ్చి పిడకలో అద్ది, చూరు కింద గోడకు కొట్టాలి. ఎలుక ముట్టదు, పురుగు పట్టదు. వానలు మొదలయ్యాక పిడక చిదిపి నారుమడిలో చల్లుకోవడమే. వంటపొయ్యికి వాడే పిడక మీద అరచేతి గుర్తు ఉంటుంది. విత్తనం పిడక మీద బొటనవేలి గుంట ఉంటుంది. మా ఊళ్లో కొత్త కోడలు మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి ఇది. శారద ఈ ఊరి కోడలై ఇరవై ఏళ్లు దాటింది.

మాది ములకలపల్లి దాటాక అడవికి ఆనుకుని ఉండే ఊరు. అన్నదమ్ములం ఇద్దరం ఒకే జాగాలో ఇళ్లు కట్టుకున్నాం. మధ్యలో వెదురు దడి. ఈ దడి ఆరోజుల్లో కోళ్ల కోసం కట్టింది, మనుషుల కోసం కాదు.

ఆ టమాట ఈదమ్మ పుట్టింటిది. కాయ చిన్నది, గుమ్మడికాయలా నొక్కులుంటాయి, తోలు పలచన. గంపలో సంతకు తీసుకెళ్తే సగం దారిలోనే పగులుతుంది. చూడ్డానికి ఎవరికీ నచ్చదు. కానీ చారులో వేస్తే చింతపండు తీసి పక్కన పెట్టాల్సిందే. పెళ్లయిన ఏడాది పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చింది. ఆమె పుట్టిన ఊరు కుక్కునూరు వైపు. ముంపు కింద ఆ ఊరు ఖాళీ చేయించారు. ఇప్పుడు అక్కడికి వెళ్లి అడుగుదామన్నా మనిషి లేడు.

విత్తనానికి మా దగ్గర ఒక కట్టడి ఉంది. అవసరమైనవాళ్లు నోరు తెరిచి అడగాలి. అది ఎవరింటి విత్తనమో ఆ మనిషి పేరు పెట్టి అడగాలి. అడగనివాళ్ల చేతిలో పెట్టిన గింజ మొలవదంటారు. అడిగినవాళ్లకు లేదని చెప్పకూడదు. ఈదమ్మ ఇవ్వడానికి ఎంత ఆత్రపడేదంటే, ఎవరి పెరట్లోనైనా మడి ఖాళీగా కనబడితే అక్కడే నిలబడి, "ఏందమ్మా, మడి బోసిగున్నది? ఏమన్న పెడ్తవా?" అని వాళ్లు అడిగేదాకా కదిలేది కాదు. అందుకే ఊళ్లో ఎవరూ సొంతంగా గింజ దాచుకోలేదు. ప్రతి ఏడూ ఆమె నారు పోస్తే వీళ్లు పట్టుకెళ్లేవారు. ఆమె పోయాక అడిగితే పక్కింటి జంపక్క, "ఈదమ్మ ఉండంగ మేమెందుకు దాస్కుంటం అన్నా? గిట్లయితదని మాకేమెరుక?" అంది. ఊరంతా అదే మాట. తినడానికి అందరూ ఉన్నారు, దాచడానికి ఒక్కతే.

ఆషాఢంలో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానాలో చేర్పించాం. బతికి రాలేదు. ఆ సంగతి ఇంతకన్నా రాయను.

కాల్చిన రోజు ముసురు. కట్టెలు పచ్చివి. కిరసనాయిలు పోసినంతసేపు మండి ఆరిపోతున్నాయి. మగవాళ్లం గొడుగులు, పట్టాలు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం. రవీందర్ ఇంటికి ఉరికి, పట్టా కప్పిన గంపతో తిరిగొచ్చాడు. గంపలో పిడకలున్నాయని తెలుసు. ఏ పిడకలో నేను చూడలేదు. ఆ తర్వాత మంట అందుకుంది. బాగానే కాలింది.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, నారు పోద్దామని ఇంటి వెనక్కి వెళ్లాను. చూరు కింద గోడ బోడిగా ఉంది. పిడకలు ఊడిన చోట గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి.

శారద తన వాకిలి ఊడుస్తోంది. దడి దగ్గరికి వెళ్లి అడిగాను.

"గోడకున్న విత్తనం పిడకలేవి?"

చీపురు ఆపలేదు. "అక్కతోనే పోయినయ్ బావా."

"పోయినయా? పంపినవా?"

"పంపిన. నేనే పీకి ఇచ్చిన."

"వేలి గుంటలు కనబడలేదా?"

"కనబడ్డయ్."

అప్పుడు చీపురు ఆపింది. "కట్టె పచ్చిది. వాన తగ్గలే. మీ తమ్ముడు ఉరికొచ్చి, వదినకు మంట అంటుకుంటలేదన్నడు. పొయ్యి పిడకలన్నీ పొద్దుగాలనే పంపిన. ఇగ అవే మిగిలినయ్."

"ఊర్లె ఇంకో ఇల్లు లేదా?"

"చావుమంటకు ఎవలు పిడకలిస్తరు? నువ్విస్తవా? చచ్చినోళ్లింటియే పోవాలె. నీకు తెల్వనిదా?"

"అది ఆమె పానం బెట్టి పెంచిన విత్తనం."

"అక్క సగం కాలి వానల పడుంటే, నేను గోడకున్న పిడకలు జూస్కుంట కూసోవాల్నా? కుక్కలు గుంజితే అప్పుడేమందువు?"

మాటకు మాట తెచ్చే మనిషి. మొదటి నుంచీ అంతే. నేను ఒక్కటే అడిగాను.

"అన్నీ పీకినవు. ఒక్క పిడక ఉంచాలని బుద్ధి పుట్టలేదా?"

శారద చీపురు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి నేను ఆ ఇంటి వాకిట్లో కాలు పెట్టలేదు. రవీందర్ వస్తే మాట్లాడాను. ఆమెతో లేదు. మనిషిని కాల్చడానికి ఇల్లంతా పీకి ఇవ్వమన్నా ఇచ్చేవాణ్ని. ఒక్క పిడక మిగిల్చాల్సింది. నా లెక్క అంతే. అది ఇప్పటికీ మారలేదు.

ఆ వానాకాలం నా మడి ఖాళీగా ఉంది. అంగట్లో దొరికే హైబ్రిడ్ పొట్లం తెచ్చి వేయమని రవీందర్ అన్నాడు. రాయిలాంటి ఆ కాయలు నాకక్కర్లేదన్నాను.

కార్తీకంలో ఒక సంగతి గుర్తొచ్చింది. ఈదమ్మ అంతకుముందు ఏడు బూర్గంపాడు సంతలో ఒకావిడకు గింజలిచ్చింది. పేరు ప్రసూన. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ల కోడలు. డాబా మీద కూరగాయలు పెంచుతుందని, అలాంటి ఆడవాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని విత్తనాలు పంచుకుంటారని ఈదమ్మ మా అందరికీ నవ్వుతూ చెప్పింది. "బకెట్లల్ల పెంచుతరంట. నేలకు కరువొచ్చినట్టు" అంది. అయినా ఇచ్చింది. అడిగింది కాబట్టి.

పాల్వంచలో బస్సు మారి బూర్గంపాడు వెళ్లాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. డాబా మీద పందిరి, పందిరి మీద ఆకుపచ్చ వల దూరం నుంచే కనబడుతుంది. నేనెవరో చెప్పగానే ప్రసూన ముఖం మారింది.

"రండి అన్నయ్య గారూ. ఈదమ్మ గారి సంగతి తెలిసింది. ఎంత బాధేసిందో. రండి, పైకి రండి, ఆవిడ టమాటా ఎక్కడ పెంచానో చూపిస్తాను."

పైన రంగు డబ్బాలు, బకెట్లు, పగిలిన నీళ్ల ట్యాంకులు. అన్నిట్లో మట్టి, మట్టిలో మొక్కలు. ఒక్కోదానికీ పుల్ల గుచ్చి పేరు రాసిపెట్టింది. ఒక పెద్ద ట్యాంకు ముందు ఆగింది. దాంట్లో ఇప్పుడు మెంతికూర ఉంది. పుల్ల మాత్రం తీయలేదు. దాని మీద 'ఈదమ్మ' అని రాసుంది.

"మా గ్రూపులో పద్ధతండీ. విత్తనం ఎవరిచ్చారో వాళ్ల పేరే పెడతాం. ఆవిడ పేరు సత్తుపల్లి దాకా వెళ్లింది, తెలుసా?"

"నాకు గింజలు గావాలమ్మా. మా ఇంట్ల అయిపోయినయ్."

"నా దగ్గర లేవండీ. ఎండాకాలం మా అమ్మాయి పురుడికి విజయవాడ వెళ్లాను. వచ్చేసరికి మొక్కలు మాడిపోయాయి. దాచిన గింజలన్నీ పంచేశాను. ఉండండి, గ్రూపులో అడుగుతాను. ఎవరో ఒకరి దగ్గర ఉండకపోవు."

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఈదమ్మ ఎవరి దగ్గరుందో చెప్పమని అడిగింది. నాకు కుర్చీ వేసి, కాఫీ తెచ్చింది. కాఫీ తాగే లోపే జవాబులు రావడం మొదలైంది. ఆవిడ వాటిని గట్టిగానే వినిపించింది. నేను వినాలని మంచి మనసుతోనే పెట్టింది.

"మా ఈదమ్మకి ముడత వచ్చిందండీ. పీకి పారేశాను" అంది ఒకావిడ.

"ఈదమ్మ చూడ్డానికి బాగోదు కానీ చారుకి భలే ఉంటుంది. మేము తినేశాం, గింజ తీయలేదు" అంది ఇంకొకావిడ.

కల్లూరు నుంచి ఎవరో మగగొంతు. "మా ఆవిడ ఈదమ్మనీ హైబ్రిడ్‌నీ ఒకే కవర్లో పోసేసిందండీ. ఇప్పుడు ఏది ఈదమ్మో మాకే తెలీడం లేదు." వెనక ఎవరో నవ్వారు.

నేను కప్పు కింద పెట్టాను. ముప్పై ఏళ్ల కాపురంలో నేను ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. 'ఓయ్' అనో, 'ఇంటున్నవా' అనో అనేవాణ్ని. నేను పలకని పేరును ముఖం తెలియనివాళ్లు ఎవరి వంటింట్లోంచో పలుకుతున్నారు. పీకేశామంటున్నారు. తినేశామంటున్నారు. వాళ్ల తప్పేం లేదు. అయినా వినలేకపోయాను.

ప్రసూన గమనించి ఫోన్ ఆపేసింది. "క్షమించండి అన్నయ్య గారూ. నేను ఆలోచించలేదు." తర్వాత ఒక్కసారిగా, "అయినా, మీ ఇంట్లో అయిపోయాయంటారేంటి? మీ మరదలు గారు శ్రావణంలో వచ్చారు కదా! నా దగ్గర మిగిలిన చిటికెడూ ఆవిడే తీసుకెళ్లారు. ఈదమ్మ గారు పోయారని చెప్పింది కూడా ఆవిడే. మీ ఇంట్లో వేయడానికే అనుకున్నాను."

"ఎవరు? శారదనా?"

"ఆఁ, శారద. అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, 'ఈదమ్మ టమాట గింజలు ఇయ్యుండ్రి' అన్నారు. మంచినీళ్లు కూడా తాగలేదు."

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే తిరిగింది. శ్రావణం అంటే నేను మాట్లాడడం మానేసిన పక్షం రోజులకే. కాల్చింది ఆమె. వెతుక్కుంటూ వెళ్లిందీ ఆమే. అందుకు నా కోపం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు, ఇంకా పెరిగింది. తెచ్చి మూడు నెలలు దాటింది. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఇంటికి వచ్చి దడి సందులోంచి చూశాను. ఆమె ఇంటి వెనక, బాయి పక్కన టమాట మొక్కలున్నాయి. ఎక్కువ లేవు. కాయలు ఇంకా పచ్చివే. అయినా ఆ నొక్కులు ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

రవీందర్ వచ్చినప్పుడు అడిగాను. వాడు నేల చూపులు చూశాడు.

"చెప్పొద్దన్నది అన్నా. నువ్వే అడగాలంట."

"నేనడగ."

"అడగకుండ ఇస్తే మొలవదంటున్నది."

"మొలవకుంటే మొలవకపాయె."

"గట్లంటే ఎట్లనే? ఈమెకేమో ఇయ్యాలనే ఉన్నది. నీకేమో గావాలనే ఉన్నది. నడుమ నేను సస్తున్న. రేపు నేనే దొంగతనం జేసి తెస్త, దొంగ మొక్క మంచిగ పెరుగుతదంటరు."

"తెచ్చి చూడు. నిన్నూ రానియ్య."

వాడు లేచి వెళ్తూ దడి దగ్గర ఆగి, ఎవరికి వినబడాలో వాళ్లకు వినబడేలా, "ఇద్దరికిద్దరు సరిపోయిన్రు. పోయిన వదినె నయం" అన్నాడు. అటు నుంచి శారద గొంతు వచ్చింది. "అడిగితే నోరు అరిగిపోతదా, అడుగుమను!"

నేను అడగలేదు. మార్గశిరం గడిచింది. కాయలు రంగు తిరిగాయి. మొదటి కాపు వాళ్లు కోసుకుని తిన్నారు. పోపు వాసన దడి దాటి వచ్చేది. రెండో కాపులో మంచివి చూసి శారద వాటి తొడిమలకు ఎర్రగుడ్డ పీలికలు కట్టింది. ఈదమ్మ చేసినట్టే. మొదటి కాపు గింజకు ఉంచకూడదు, చివరి కాపు అసలే కూడదు, నడిమి కాపే విత్తనం. ఆ పీలికలు కట్టిన కాయలు మెత్తబడేదాకా నేను అడగకుండా ఉంటే, ఆమె తన కోసం పిసుక్కుంటుంది. అది వాళ్లింటి విత్తనం అయిపోతుంది. నేను బతికున్నన్నాళ్లూ దడికి ఇవతల నుంచి చూడాలి. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ పొద్దున లేచి, ఇవాళ అడుగుదామా అనుకునేవాణ్ని. గోడ మీది గుండ్రటి మచ్చలు కనబడేవి. అడగబుద్ధయ్యేది కాదు.

పుష్యంలో మిరప కోతలు మొదలయ్యాయి. రవీందర్, శారద పొద్దున్నే ఆటోలో కూలికి వెళ్లిపోయేవారు. ఆ రోజు నేను వాకిట్లో తాడు పేనుతున్నాను. అటువైపు రేకుల మీద దబదబమని చప్పుడైంది.

కోతులు. అడవిలో తిండి లేక ఈ మధ్య మందలు మందలుగా ఊళ్ల మీద పడుతున్నాయి. లేచి చూసేసరికి రేకుల మీద నుంచి బాయి గట్టు మీదికి దిగుతున్నాయి. ఒకటి టమాట మొక్క దగ్గర కూర్చుని, ఎర్రగుడ్డ పీలికను పళ్లతో లాగుతోంది.

నేను ఇవతల నుంచే అరిచాను. రాళ్లు వేశాను. అవి లెక్కచేయలేదు. దడికి అవతల కాలు పెట్టకూడదనుకున్న మాట నాకు గుర్తుంది. గుర్తుండే ఇంకో నాలుగు రాళ్లు ఇక్కడి నుంచే విసిరాను. ఆ కాసేపట్లో ఒక మొక్క వేళ్లతో సహా లేచిపోయింది. ఇక ఆగలేదు. దడిని కాలితో తన్ని, రెండు బద్దలు విరిచి, కర్ర పట్టుకుని లోపలికి దూరాను.

పెద్ద మగకోతి ఒకటి పళ్లు చూపించి మీదికి వచ్చింది. నేనూ వెనక్కి పోలేదు. కర్రతో నేల మీద బాదుతూ, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. అవి కోతులను తిట్టిన తిట్లు మాత్రమే కాదు. చివరికి అవి రేకులెక్కి, చింతచెట్టు మీదుగా వెళ్లిపోయాయి.

మొక్కలు నేలకు కరుచుకుపోయాయి. ఎర్రపీలికలు బురదలో పడున్నాయి. ఒక్క కాయ దొరికింది. సగం కొరికి వదిలేశాయి. కోతి పళ్ల గాట్లు కనబడుతున్నాయి. మిగతా సగంలో గింజ ఉంది, మెత్తగా, పసుపుగా, పండిన గింజ.

చుట్టూ ఎవరూ లేరు. చేతిలో పట్టుకుని దడి సందులోంచి ఇంటికి వెళ్లిపోతే అడిగేవాడు లేడు. కోతులు తిన్నాయనుకుంటారు. ఒక అడుగు వేశాను కూడా. కానీ అది ఆమె పెంచిన చెట్టు కాయ. అడగకుండా తెచ్చిన గింజతో నేను పోసే నారును ఏమని పిలవను? తిరిగి బాయి గట్టు మీద కూర్చున్నాను. కాయను విస్తరాకులో పెట్టి, దాని మీద ఈగలు వాలకుండా చూసుకుంటూ వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. లేస్తే కోళ్లు పొడుస్తాయి.

పొద్దువాటారాక ఆటో ఆగింది. శారద ముందు వచ్చింది. విరిగిన దడిని చూసింది, మొక్కలను చూసింది, నన్ను చూసింది.

"నువ్వు పీకినవా బావా?"

"కోతులొచ్చినయ్."

నెత్తి మీది తువాల తీసి కింద పడేసి, మొక్కల మధ్య గొంతుక్కూర్చుంది. ఒక్కో పీలికా ఏరింది. ఏడవలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. "అన్నీ పాయెనా?" అంది.

"గిదొక్కటుంది."

విస్తరాకు ముందుకు జరిపాను. ఆమె చూసింది, తీసుకోలేదు.

"మరి నీ దగ్గరుంచుకోక, నాకెందుకు జూపిస్తున్నవ్?"

రవీందర్ వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. శారద వాడి వైపు తిరిగి, "నువ్వు నోర్మూస్కో" అంది. తర్వాత నా వైపు.

"ఏం గావాలె బావా?"

"నీకు తెల్వదా?"

"నాకు తెలిస్తే సరిపోదు. ఏం గావాలె?"

"టమాట గింజలు."

"ఎవలింటియి?"

ఆమె కావాలనే అడుగుతోంది. కట్టడి కూడా అదే అడగమంటుంది. ఈ రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. అయినా తప్పించుకునే దారి లేదు.

"ఈదమ్మయి" అన్నాను. "ఈదమ్మ టమాట గింజలు ఇయ్యి."

రవీందర్ ముఖం తిప్పుకున్నాడు. శారద మాత్రం రెప్ప వేయలేదు.

"ఇస్త. చెంబు తే" అని భర్తను లోపలికి తరిమి, నాతో, "నువ్వే పిసుకు. నా చేతులు మిరపకాయ మంట. గింజకు తగిలితే పాడైతది" అంది. అరచేతులు చూపించింది. ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

నేను పిసికాను. సగం కాయ, కొన్ని గింజలు. ఆమె దూరంగా నిలబడి, "తోలు తియ్యకు, అట్లనే ఉండనియ్యి. నీళ్లు ఎక్కువ పోయకు. అరే, చెంబు నిండ పోస్తవేంది?" అని చెబుతూనే ఉంది. చెంబును వాళ్ల వసారాలో, పిల్లి తొక్కకుండా గంప కింద పెట్టింది.

బూజు కట్టాక కడిగేటప్పుడు పిలిచింది. వెళ్లాను. తేలినవి పారబోసింది. దిగినవి ఆకు మీద పోసి, వేలితో రెండు కుప్పలు చేసింది. ఒకటి నా వైపు తోసింది, ఒకటి తన వైపు.

అప్పుడు, తల ఎత్తకుండానే అంది. "ఆ దినం ఒక్కటుంచాలని నాకు తోచలే బావా. చేతికందినయన్నీ పీకిన. ఎన్ని పీకిన్నో నాకే తెల్వదు. ఒక్కటుంచితే ఐపోయేటిది, తోచలే."

అడిగిన ఆరు నెలలకు జవాబు వచ్చింది. నేను విన్నాను. వింటే ఏదో కరుగుతుందని అనుకునేవాళ్లుంటారు. నాకేం కరగలేదు.

"ఆ సంగతి నేను మర్వను" అన్నాను.

"మర్వుమని ఎవలన్నరు?" అంది. "మర్వకు. గని నా మడి మీద మల్ల కోతులు పడితే నీ దగ్గరికే వస్త. నువ్వు లేదనొద్దు."

"చూస్త."

"చూసుడేంది? అడిగినోళ్లకు లేదంటవా? ఈదమ్మ పేరు పెట్టే అడుగుత. నడిబజార్ల నిలబడి అడుగుత."

ఆమె నిజంగానే నిలబడుతుంది. గింజలను ఆకులో చుట్టుకుని లేచాను. "అన్నం తినిపో అన్నా" అన్నాడు రవీందర్. తిన్నానని చెప్పాను. తినలేదు.

మరునాడు పొద్దున దడి కట్టడానికి కూర్చున్నాను. విరిగిన బద్దలు తీసేసి కొత్తవి పెట్టాను. తీగ అవతలికి దూర్చితే రవీందర్ అటు నుంచి లాగి మళ్లీ ఇవతలికి ఇచ్చాడు. వాడు ఏదో మాట్లాడబోయాడు, నేను తీగ బిగించు అన్నాను. లోపల్నుంచి శారద అరిచింది.

"కింద గూడ కట్టుమను! మొన్న ఇరిగిన కాడ కోళ్లు దూరుతున్నయ్!"

కింద కూడా కట్టాను.